అక్షరము – అర్థరక్షణము
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఇరువదియైదు సంవత్సరముల క్రిందట రెండు బీరువాలతో, ఒక బల్లతో, అరువు తెచ్చిన నాలుగు కుర్చీలతో ప్రారంభమైన ఈ గ్రంథాలయము నేడు రజతోత్సవము జరుపుకొనుచున్నది. ఇట్టి శుభ సమయమున సాహిత్యమును గూర్చియో, గ్రంథాలయోద్యమ చరిత్రను గూర్చియో మాటలాడుట ఉచితము. కాని కార్యదర్శిగారు నన్ను పిలిచి, "మీరు బ్యాంకులో ముప్పదిమూడు సంవత్సరములు పనిచేసినవారు. ఫోనులో జరుగుచున్న సొమ్ము మోసములను గూర్చి నాలుగు మాటలు చెప్పవలెను" అని కోరినారు. పండుగనాడు దొంగల ప్రసక్తి యేమని మొదట నేను సంకోచించినాను. ఆలోచింపగా, ఈ విషయమునకును గ్రంథాలయమునకును గల సంబంధము నాకు బోధపడినది.

1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథభాండాగార సంఘము వెలసినది. అయ్యంకి వెంకటరమణయ్యగారు మొదలగు పెద్దలు ఊరూరను గ్రంథాలయముండవలెనని తిరిగినారు. కావ్యములు చదివించుటయే వారి ఆశయము కాదు. చదువురాని రైతు వేరొకరు వ్రాసిన ప్రోనోటుపై వేలిముద్ర వేసి, అందులో నూరు ఉన్నదో వేయి ఉన్నదో ఎరుగక, తన పొలమును పోగొట్టుకొనుచుండిన కాలమది. అక్షరము వచ్చినచో అర్థము నిలుచునని వారు నమ్మినారు. అర్థమనగా ఇచ్చట మాటకు భావమనియు చెప్పవచ్చును, ధనమనియు చెప్పవచ్చును.

నేడు మన గ్రామమున చదువురాని వారు బహు తక్కువ. అయినను అదే ప్రమాదము మరియొక రూపమున వచ్చినది. నాడు చదువలేక వేలిముద్ర వేసినారు. నేడు చదువగలిగియు, చదువకుండ ఫోనుపై వేలు నొక్కుచున్నారు. ఫలితము ఒక్కటియే. కనుక ఈ విషయమును గ్రంథాలయ సభలో చెప్పుట సముచితమే యని నిశ్చయించుకొని మీ యెదుట నిలిచినాను.

మొదట ఒక మాట మనవి చేయవలెను. ఫోను ద్వారా సొమ్ము పంపు పద్ధతిని నిందించుటకు నేను రాలేదు. 2016లో జాతీయ చెల్లింపుల సంస్థ ఏర్పరచిన యూపీఐ పద్ధతి వలన మనకు కలిగిన సౌకర్యము అంతయింత కాదు. పట్టణములో చదువుకొను బిడ్డకు సొమ్ము పంపుటకు నేడు మనియార్డరు కొరకు ఎదురుచూడ నక్కరలేదు. కూరగాయలమ్ము తల్లియు చిల్లర కొరకు వెదకుకొనుట లేదు. కత్తి వంటింటిలో ఉండదగిన వస్తువే. పట్టుకొను తీరు మాత్రము తెలిసియుండవలెను.

మోసము క్రొత్తది కాదు. మన చిన్ననాట నగలకు మెరుగుపెట్టువారు ఊరిలోనికి వచ్చుచుండిరి. మొదట ఇత్తడి చెంబు నడిగి, తళతళలాడునట్లు తోమి, కానియైనను పుచ్చుకొనక ఇచ్చెడివారు. ఇల్లాలికి నమ్మకము కుదిరిన పిమ్మట మెడలోని గొలుసు నడిగి, ద్రావకములో ముంచి, పసుపులో చుట్టి చేతికిచ్చి, "గంటసేపు ఆగి విప్పండమ్మా" అని చెప్పి పోయెడివారు. గంట గడచిన పిమ్మట చూడగా గొలుసు మెరయుచునే యుండెడిది, తూకము మాత్రము తగ్గిపోయి యుండెడిది. కరిగిన బంగారము ద్రావకముతో కూడ వెడలిపోయినది!

మన దేశమున మాత్రమే కాదు. ఫ్రాన్సు దేశపు పోలీసు అధికారి విడోక్ అను నతడు 1828లో ప్రకటించిన తన జ్ఞాపకములలో, చెరసాలలోని ఖైదీలు ధనికులకు వ్రాయుచుండిన "జెరూసలెము ఉత్తరముల"ను వర్ణించినాడు. "మా యజమాని పారిపోవుచు బంగారపు పెట్టెను నీటిలో పడవేసినాడు. ఆ చోటు నాకు తెలియును. ప్రస్తుతము కొంచెము సొమ్ము పంపినచో మీకును పాలు కలదు" అని ఆ ఉత్తరముల సారాంశము. సుమారు రెండువందల సంవత్సరములు గడచినను, మన ఫోనులోనికి వచ్చు సందేశములలో పెట్టె మారినది కాని పన్నాగము మారలేదు.

ఈ మోసములన్నింటిని పరిశీలించినచో మూడు ఎరలు కనబడును. ఒకటి భయము. రెండవది ఆశ. మూడవది జాలి. ఎర యేదియైనను, దానిని కట్టిన దారము మాత్రము ఒక్కటియే. అది తొందర. "ఇప్పుడే చేయవలెను, ఎవరికిని చెప్పరాదు" అను మాట ఎచ్చట వినబడునో అచ్చట మోసమున్నదని నిస్సంశయముగా ఎంచుకొనుడు. నిజమైన బ్యాంకును, నిజమైన ప్రభుత్వ కార్యాలయమును మీకు తొందరపెట్టుట అరుదు. అచ్చట తొందర మనకే గాని వారికి ఉండదని నా అనుభవము!

ఇక ఒక్కొక్కదానిని వివరింతును.

ఒకరు తమ గేదెనో, పాత మోటారు సైకిలునో అమ్మదలచి ఫోనులో ప్రకటన వేసినారనుకొనుడు. వెంటనే ఒకడు పిలిచి, తాను సైన్యములో పనిచేయుచున్నాననియు, బేరమాడననియు చెప్పును. బయానా పంపుచున్నానని ఒక చతురపు గుర్తును పంపి, "దీనిని స్కాన్ చేసి మీ పిన్ కొట్టండి, డబ్బు మీ ఖాతాలో పడుతుంది" అనును. పిన్ కొట్టినంతనే సొమ్ము వచ్చుటకు బదులు పోవును. ఈ ఒక్క సూత్రమును కంఠస్థము చేయుడు: సొమ్ము పుచ్చుకొనుటకు పిన్ అక్కరలేదు, స్కాన్ చేయనక్కరలేదు. పిన్ అనునది మీ పెట్టె తాళము తీయుటకే. ఇతరులు మీ పెట్టెలో సొమ్ము వేయుటకు మీరు తాళము తీయవలసిన పని లేదు. పూర్వము "మీ నుండి ఇంత సొమ్ము కోరుచున్నాను" అని ఒక వ్యక్తి మరియొక వ్యక్తికి అభ్యర్థన పంపు సౌకర్యముండెడిది. దానిని మోసగాండ్రు విరివిగా వాడుకొనుటచే 2025 అక్టోబరు నుండి వ్యక్తుల మధ్య నిలిపివేసినారు. ఆ ద్వారము మూసినను, స్కాన్ చేయించు ద్వారము తెరచియే యున్నది.

రెండవది జాలి ఎర. "బాబాయిగారూ, మా అమ్మ ఆసుపత్రిలో ఉంది. ఆమెకు పంపవలసిన పదివేలు పొరపాటున మీకు పంపాను. దయచేసి తిరిగి వేయండి" అని ఏడ్చుచు ఒక కుర్రవాడు పిలుచును. మీ ఫోనుకు సొమ్ము జమ అయినట్లు సందేశము కూడ వచ్చియుండును. ఆ సందేశము బ్యాంకు పంపినది కాదు, వాడు వ్రాసినదే. ధర్మాత్ములు వెంటనే పంపివేయుదురు. కావున సందేశమును నమ్మక, ఖాతాలోని నిలువను స్వయముగా చూచుకొనుడు. నిజముగనే ఎవరి సొమ్మో వచ్చియున్నచో, మీరై తిరిగి పంపక బ్యాంకునకు పోయి తెలుపుడు. పొరపాటును సరిదిద్దవలసినది బ్యాంకు. అట్లు చేసినచో మీ ధర్మమునకు లోపము లేదు, మీ సొమ్మునకు హాని లేదు.

దుకాణదారులకు ఇంచుమించు ఇట్టిదే జరుగుచున్నది. సరకు కొని, సొమ్ము పంపినట్లు ఫోనులో ఒక బొమ్మ చూపి పోవువారు కలరు. ఆ బొమ్మను పుట్టించుట బహు సులభము. మీ ఫోనులోనో, మీ దుకాణములో మాటలాడు పెట్టెలోనో జమ తెలిసినపుడే సరకు చేతికి ఇయ్యుడు. గోడకు అంటించిన స్కాన్ కాగితముపై రాత్రివేళ వేరొకరు తమ కాగితము నంటించి పోవుటయు కలదు. ప్రతి ఉదయము దుకాణము తీయగనే మీరే స్కాన్ చేసి, మీ పేరు వచ్చుచున్నదో లేదో చూచుకొనుట మంచిది.

మూడవది, రైతు సోదరులు శ్రద్ధగా వినవలసినది. పీఎం కిసాన్ పథకము 2019లో ఆరంభమైనది. సంవత్సరమునకు మూడు విడతలుగా రెండేసి వేల రూపాయలు రైతు ఖాతాలో నేరుగా పడును. దీనిని ఆసరాగా చేసికొని, వాట్సాప్‌లో "మీ విడత ఆగినది, ఈ యాప్‌ను వేసికొనుడు" అని ఒక ఫైలు వచ్చును. దాని పేరు చివర ఏపీకే అను మూడు అక్షరములుండును. ఒక్కొక్కపుడు అది వాహనపు చలానా యనియు, ఒక్కొక్కపుడు పెండ్లి శుభలేఖ యనియు వచ్చును. మనకు తెలిసిన బంధువు ఫోను నుండియే రావచ్చును, ఏలయనగా ఆ బంధువు ఫోను అంతకుముందే వారి వశమై యుండును. ఆ ఫైలును వేసికొన్నచో అది మన ఫోనులో చేరి, బ్యాంకు పంపు సందేశములను, ఓటీపీలను చదివి మోసగానికి చేరవేయును. మనము ఎవరికిని చెప్పకపోయినను ఓటీపీ వానికి తెలిసిపోవును! శుభలేఖ బొమ్మగా రావలెను గాని యాప్‌గా రాదు. ఇట్టి ఫైలు వచ్చినచో తెరువక తీసివేయుడు. పొరపాటున వేసికొన్నచో మొదట ఫోనునకు ఇంటర్నెట్ ఆపి, వేరొక ఫోను నుండి బ్యాంకునకు తెలుపుడు.

"ఈ రాత్రి తొమ్మిదిన్నరకు మీ కరెంటు తీసివేయబడును" అనియు, "మీ ఖాతా నేటితో మూతపడును" అనియు వచ్చు సందేశములు భయపు ఎరలు. అందలి సంఖ్యకు పిలిచినచో, మీ ఫోను తెరను తాము చూచునట్టి యాప్ నొకదానిని వేయింతురు. పిమ్మట మీరు కొట్టు ప్రతి అంకెయు వారి కన్నుల యెదుటనే యుండును. సందేశములోని సంఖ్యకు ఎన్నడును పిలువవలదు. కరెంటు విషయమైనచో పాత బిల్లుపై నున్న సంఖ్యకు, బ్యాంకు విషయమైనచో పాసుపుస్తకముపైనో కార్డు వెనుకనో నున్న సంఖ్యకు పిలుచుడు. ఇంటర్నెట్‌లో వెదకి దొరికిన సంఖ్యలను కూడ నమ్మరాదు, అచ్చట దొంగ సంఖ్యలను వారే చేర్చుచుందురు.

భయపు ఎరలలో మిక్కిలి క్రూరమైనది "డిజిటల్ అరెస్టు" అను నాటకము. పోలీసు దుస్తులు ధరించిన వాడొకడు వీడియోలో కనబడి, "నీ ఆధారుతో పంపిన పార్సెలులో మత్తుపదార్థములు దొరికినవి. నిన్ను ఫోనులోనే అరెస్టు చేసినాము. కెమెరా ముందు నుండి కదలరాదు, ఎవరితోను మాటలాడరాదు" అని బెదరించును. వెనుక న్యాయస్థానమువలె అమర్చిన గదియు కనబడును. విచారణ ముగియువరకు సొమ్మునంతయు ప్రభుత్వ ఖాతాకు మార్చవలెననును. చదువుకొన్నవారు, పెద్ద ఉద్యోగములు చేసినవారు కూడ దినములకొలది ఆ కెమెరా ముందు కూర్చుండి, జీవితకాలపు కూడబెట్టును పంపివేసినారు. 2024 అక్టోబరు 27న ప్రధానమంత్రి తమ రేడియో ప్రసంగములో, చట్టమున ఇట్టి అరెస్టు లేనే లేదని ప్రజలకు స్పష్టముగా చెప్పినారు. 2025లో సుప్రీంకోర్టు తనంత తానుగా ఈ మోసములను విచారణకు స్వీకరించినది. ఇంత జరిగినను మోసపోవువారు మోసపోవుచునే యున్నారు. ఫోనులో అరెస్టు చేయు పోలీసులు లేరు. మిమ్ము అరెస్టు చేయదలచిన పోలీసు మీ ఇంటికి రావలసినదే. ఫోను పెట్టివేయుడు. ప్రక్క ఇంటివారిని పిలుచుడు. దయ్యము దీపము వెలిగించగనే పోవునన్నట్లు, రెండవ మనుష్యుడు గదిలోనికి రాగానే ఈ నాటకము ముగియును.

ఆశ యొక్క ఎరను గూర్చి యువకులకు చెప్పవలెను. "ఇంట కూర్చుండి దినమునకు వేయి రూపాయలు సంపాదింపుడు" అని వచ్చును. మొదట నూటయేబది రూపాయలు నిజముగనే మీ ఖాతాలో వేయుదురు. పిదప వేయి పెట్టించి పదమూడువందలు ఇత్తురు. మరి లక్ష పెట్టిన తరువాత, తెరపై మూడు లక్షలు కనబడును గాని చేతికి రాదు. తీసికొనవలెనన్నచో పన్ను కట్టుమందురు. ఇది ఇత్తడి చెంబు తోమి చూపిన కథయే. నూటయేబది రూపాయలు ఇత్తడి చెంబు, లక్ష మీ మెడలోని గొలుసు.

ఇంతకన్న ప్రమాదకరమైనది మరియొకటి కలదు. "నీ బ్యాంకు ఖాతాను కొన్నాళ్ళు మాకు ఇమ్ము, వచ్చు సొమ్ములో కొంత కమీషను ఇత్తుము" అని కొందరు కుర్రవాండ్రను చేరదీయుచున్నారు. ఆ ఖాతాలోనికి వచ్చునది ఎవరిదో కన్నీటి సొమ్ము. ఒక తల్లి వైద్యమునకు దాచుకొన్నది కావచ్చును, ఒక తండ్రి కూతురి పెండ్లికి దాచినది కావచ్చును. పోలీసులు వెదకుకొనుచు వచ్చునది ఖాతా ఎవరి పేర నున్నదో వారి ఇంటికే. అసలు దొంగ ఎచ్చటనో యుండును, ఐదువేల కమీషనునకు ఆశపడిన కుర్రవాడు నేరస్థుడగును. నాయనలారా, మీ ఖాతాను, సిమ్ కార్డును, ఏటీఎం కార్డును స్నేహితుడడిగినను ఇయ్యవలదు.

వృద్ధులైన తల్లులకు ఒక మాట. ఆధారుకు వేలిముద్ర వేసి సొమ్ము తీసికొను పద్ధతి మీకు అనుకూలమైనదే. కాని వేలిముద్ర వేసిన ప్రతిసారియు రసీదు అడుగుడు. "ముద్ర పడలేదమ్మా, మళ్ళీ వెయ్యండి" అని రెండు మూడు పర్యాయములు వేయించుకొన్నచో, పాసుపుస్తకములో ఎన్ని పర్యాయములు సొమ్ము తీసినట్లు పడినదో ఆ వారములోనే చూపించుకొనుడు. వేలిముద్రల నకళ్ళు తయారుచేసి సొమ్ము తీసిన కేసులును జరిగినవి. ఆధారు సంస్థవారు వేలిముద్రలకు తాళము వేసికొను సౌకర్యము కల్పించినారు. అవసరమైనపుడు తీసి, పని ముగియగానే వేసికొనవచ్చును. చదువుకొన్న మనుమలు తమ అవ్వలకు ఈ ఉపకారము చేయవలెను.

ఇంతవరకు ఇతరులకు చెప్పు మాటలు చెప్పినాను. ఇక నా మాట చెప్పుకొనవలెను. చెప్పకపోయినచో ఈ ప్రసంగము సగము అబద్ధమగును.

నేను ఉద్యోగ విరమణ చేసిన రెండవ సంవత్సరము నవంబరు మాసమున ఒక మధ్యాహ్నము నాకు ఫోను వచ్చినది. పింఛను పొందువారు ఏటేట నవంబరులో తాము జీవించియున్నట్లు ధ్రువపత్రము ఇయ్యవలెను గదా! పిలిచినవాడు నా పేరు, నా పింఛను శాఖ, నేను విరమించిన తేదీ తప్పు లేకుండ చెప్పినాడు. "సార్, మీ పత్రము ఇంకా చేరలేదు. సాయంత్రం అయిదింటితో గడువు. మీరు బ్యాంకులో చేసినవారు, మీకు మేము చెప్పవలెనా?" అన్నాడు. ఆ చివరి మాట నన్ను పడగొట్టినది. నాకు తెలియనిది లేదను గర్వముతో, నా ఫోనుకు వచ్చిన అంకెలను వానికి చదివి వినిపించినాను. "ఓటీపీ ఎవరికిని చెప్పరాదు" అని వేలమందికి చెప్పిన నోటితోనే చెప్పినాను! రెండు నిమిషములలో నలుబదియెనిమిదివేల రూపాయలు పోయినవి.

అది పొరపాటు. ఆ తరువాత చేసినది పాపము. ఆ రాత్రి నేను నా భార్యకును చెప్పలేదు. కుమారునకును చెప్పలేదు. "ముప్పదిమూడేండ్లు బ్యాంకులో చేసి ఇట్లు మోసపోయినాడా" అని లోకము నవ్వునని భయపడి, దుప్పటి ముసుగు పెట్టుకొని పడుకొన్నాను. మరునాటి మధ్యాహ్నము గాని ఫిర్యాదు చేయలేదు. అప్పటికి సొమ్ము మూడు ఖాతాలు మారి, వేరొక రాష్ట్రములో ఏటీఎం నుండి తీయబడినది. ఆరువేలు మాత్రము నిలిచినవి. వాడు నన్ను రెండు నిమిషములు మోసగించినాడు. నా సిగ్గు నన్ను ఒక పగలు, ఒక రాత్రి మోసగించినది.

కొన్నాళ్ళకు మన గ్రంథాలయ అరుగుమీద పత్రిక చదువుచు, నలుగురిలో ఈ సంగతి బయటపెట్టినాను. ఆ వారములో ముగ్గురు ఒకరి తరువాత ఒకరుగా, ఎవరును లేని సమయము చూచి నా యింటికి వచ్చినారు. తమకును జరిగినదని చెప్పినారు. అందులో ఒక తల్లి పత్తి అమ్మిన సొమ్మును పోగొట్టుకొని, కొడుకు కోపపడునని పదకొండు దినములు లోలోపల కుమిలి, అన్నము సయితము సరిగా తినలేదట. ఆ పదకొండు దినములలో మొదటి గంటలో చెప్పియున్నచో కొంత దక్కియుండెడిదేమో! ఆమె పేరు నేను చెప్పను. ఆమె ఈ సభలో ఉన్నను లేకున్నను, ఆమెకు నేను చేయు మనవి ఒక్కటియే: అమ్మా, తప్పు నీది కాదు, దొంగది.

కావున మోసము జరిగినచో చేయవలసిన పనులను ఇప్పుడు చెప్పెదను. వ్రాసికొనువారు వ్రాసికొనుడు. వెంటనే 1930 అను సంఖ్యకు ఫోను చేయవలెను. ఇది ఆర్థిక మోసముల కొరకు ప్రభుత్వమేర్పరచిన సంఖ్య. కేంద్ర ప్రభుత్వపు సైబర్ నేరముల వెబ్‌సైటులోను ఫిర్యాదు వ్రాయవచ్చును. ఫిర్యాదు అందగానే సొమ్ము చేరిన బ్యాంకునకు వార్త పోవును. సొమ్ము ఇంకను అచ్చటనే యున్నచో దానిని నిలిపివేయుదురు. దొంగ దానిని ఒక ఖాతా నుండి మరియొక ఖాతాకు పరుగెత్తించుచునే యుండును గనుక, ఇది మనకును వానికిని పరుగు పందెము. అంతట మీ బ్యాంకునకు తెలిపి, కార్డును, ఖాతానుండి చెల్లింపులను ఆపించుడు. పోయిన సొమ్ము మొత్తము, సమయము, సందేశములోని లావాదేవీ సంఖ్య, పిలిచినవాని ఫోను సంఖ్య సిద్ధముగా ఉంచుకొనుడు. సందేశములను చెరిపివేయవలదు, అవియే సాక్ష్యము.

రిజర్వు బ్యాంకు 2017 జూలైలో వెలువరించిన ఉత్తర్వు నొకదానిని మీకు తెలుపవలెను. ఖాతాదారుని తప్పు గాని బ్యాంకు తప్పు గాని లేక, మరియొక చోట జరిగిన లోపము వలన సొమ్ము పోయి, ఆ వార్త బ్యాంకు నుండి అందిన మూడు పనిదినములలోగా ఫిర్యాదు చేసినచో ఖాతాదారునకు నష్టబాధ్యత లేదని అందు చెప్పినారు. ఖాతాదారుడు తన రహస్య సంఖ్యను తానే చెప్పినచో, బ్యాంకునకు తెలుపునంతవరకు కలిగిన నష్టము అతనిదేనని ఆ ఉత్తర్వులో చెప్పినారు. తెలిపిన పిమ్మట కలిగిన నష్టము మాత్రము బ్యాంకుదేనని అందు చెప్పినారు. దీనినిబట్టి గ్రహింపవలసినది, తప్పు మనదైనను ఎంత త్వరగా చెప్పిన అంత మేలని. సొమ్ము తిరిగి తెచ్చిపెట్టుదుమని, దానికి ముందుగా రుసుము కట్టుమని చెప్పువారు మరల వచ్చుదురు. వారు రెండవ దొంగలు. మొదటి దొంగకు దాయాదులు.

ఇక గ్రామస్థులకు నా విన్నపము. మోసపోయినవానిని చూచి నవ్వవలదు. "బుద్ధి లేదా, చదువుకోలేదా" అనవలదు. పాము కరచినవానిని చూచి, చీకటిలో ఏల నడచితివని మనము ముందుగా తిట్టుదుమా? మొదట వైద్యునివద్దకు కొనిపోవుదుము. ఇదియు అట్టిదే. మన నవ్వునకు వెరచి ఒక తల్లి పదకొండు దినములు నోరు మూసికొన్నచో, దొంగకు మనమే కావలి కాచినట్లు. కుమారులారా, మీ తల్లిదండ్రులతో నేడే చెప్పుడు: "ఏమి జరిగినా మొదట నాతో చెప్పండి, నేను కోపపడను" అని. ఈ ఒక్క మాట ఇంటికి నాలుగు తాళములకన్న బలమైనది.

కార్యవర్గమువారికి రెండు ప్రార్థనలు. గ్రంథాలయ ద్వారమువద్ద 1930 సంఖ్యను పెద్ద అక్షరములతో వ్రాయింపుడు. ప్రతి శనివారము సాయంత్రము ఒక గంటసేపు, ఫోనులో అనుమానము గల సందేశము వచ్చినవారు ఇచ్చటికి వచ్చి చూపించుకొనుటకు ఏర్పాటు చేయుడు. కాలేజీలో చదువుకొనుచున్న మన బాలబాలికలు వంతులవారీగా కూర్చుండవలెను. నేనును కూర్చుందును. వచ్చిన మోసపు తీరులను, పేర్లు లేకుండ, ఒక పుస్తకములో వ్రాసి బల్లపై ఉంచినచో, పత్రికలు చదువ వచ్చువారు దానిని కూడ చదువుదురు. మన ఊరిలో ఒకరికి వచ్చిన ఎర మరునాడు మరియొకరికి వచ్చును. మొదటివారు వ్రాసినచో రెండవవారు తప్పించుకొందురు. గ్రంథాలయమనగా ఒకరి అనుభవము మరియొకరికి దీపమగు స్థలమే గదా!

నాటి పెద్దలు ఊరూర గ్రంథాలయమును నెలకొల్పినది, చదువరి చేతిలోని కాగితమును తానే చదివి, తెలిసికొని, పిమ్మట సంతకము చేయవలెనని. నేటి మన కాగితము ఫోను తెర. మనము చేయవలసినది అదియే. ఆగుడు, చదువుడు, ఒకరి నడుగుడు, పిమ్మట నొక్కుడు.

ఈ గ్రంథాలయము మరి ఇరువదియైదు సంవత్సరములకు స్వర్ణోత్సవము జరుపుకొను నాటికి, ఈ ఊరిలో ఏ తల్లియు మోసపోయి మౌనముగా కుమిలిపోలేదని చెప్పుకొను భాగ్యము మనకు కలుగవలెనని కోరుచున్నాను.